టేక్ అన్న మాటకు సాక్షి సంతకం

ఆ కాగితం మీద నా పేరు ముందే టైపు చేసి ఉంది. పేరు కింద ఒక గీత. ఆ గీత మీద నేను సాక్షిగా సంతకం పెట్టాలి. పైన ఇంగ్లిష్‌లో నాలుగే వాక్యాలు. మూడోది, "ఐ టుక్ ద మెడిసిన్." ఆ మాట అన్నదని చెబుతున్న మనిషి నా పక్కనే నిలబడి ఉంది, చేతిలో తడిగుడ్డతో.

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను నర్సుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. మాది సిరిసిల్ల వైపు. ఆమె మా క్లినిక్‌లో క్లీనర్, ఇండోనేషియాలో జావా నుంచి వచ్చింది. నాకన్నా ఆరేళ్లు పెద్దది. వాళ్ల దగ్గర అక్కను ఎంబా అంటారని తనే చెప్పింది. అప్పటి నుంచి ఎంబా అనే పిలిచేదాన్ని. తను నన్ను సిస్టర్ అనేది. ఇక్కడికి రాకముందు ఇళ్లలో పనిచేసింది కాబట్టి వంటింటి అరబ్బీ బాగానే వచ్చు. మేమిద్దరం మాట్లాడుకునేది అందులోనే. ఇంగ్లిషే అంతంతమాత్రం.

మధ్యాహ్నం క్లినిక్ మూసే గంటల్లో ఇద్దరం స్టోర్‌రూమ్‌లో అట్టపెట్టెల మీద కూర్చుని అన్నం తినేవాళ్లం. అక్కడే నేను ఇంగ్లిష్ చెప్పేదాన్ని. ఒకరోజు చిరాకు పడుతూ వచ్చింది.

"సిస్టర్, ఈ టేక్ ఏం మాట? డాక్టర్ ఒక పేషెంటును షూ విప్పమన్నాడు, అదీ టేకే. ఎక్స్‌రేకు తీసుకెళ్లమన్నాడు, అదీ టేకే. మాత్ర వేసుకోమన్నాడు, అదీ టేకే. వీళ్లకు మాటలు దొరకవా?"

వారం రోజులు ఆ ఒక్క మాట మీదే కూర్చున్నాం. వస్తువును తీసుకుంటే వాళ్లకు అంబిల్. మనిషిని తీసుకెళ్తే బావా. షూ విప్పితే లెపాస్. మందు మాత్రం వాళ్లు తాగుతారు, మినుమ్ ఓబాత్. మాత్రయినా సరే తాగడమే. "మేం వేసుకుంటాం" అన్నాను. "ఎక్కడ వేసుకుంటారు, ఒంటి మీదా?" అని పడీ పడీ నవ్వింది. బస్సు మాకు ఎక్కడమే, వాళ్లకూ ఎక్కడమే, నాయిక్. టైం మాకు పడుతుంది, వాళ్లకు తింటుంది, మాకన్ వక్తు. వక్తు అనగానే ఉలిక్కిపడ్డాను. మా నాయిన కూడా టైముకు వక్తు అనే అంటాడు.

"ఒకరిది దొంగతనంగా తీస్తే?" అని అడిగింది.

"అదీ టేకే, ఒక్కోసారి."

"మాకు అది వేరే. చురి."

"మాకూ చోరీయే" అన్నాను. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఇది జరిగిన రెండు నెలలకు ఇన్‌స్పెక్షన్ వస్తుందని కబురొచ్చింది. ఫార్మసీలో తాళం వేసి పెట్టే నొప్పి మందులు కొన్ని ఉంటాయి. ఒక్క మాత్ర తగ్గినా జవాబు చెప్పాల్సినవి. వాటిలో ఒక డబ్బా కనపడలేదు. అడ్మినిస్ట్రేటర్‌కు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఫార్మసీ గది తుడిచేది ఎంబాయే కాబట్టి ముందు ఆమెను పిలిచాడు. కాగితం ఇంగ్లిష్‌లో కావాలి, అందుకని ఇంగ్లిష్‌లోనే అడిగాడు. "డిడ్ యూ టేక్ మెడిసిన్?"

ఆమె అవునంది.

అవునని ఎందుకందో నాకు తెలుసు. ఆ వారమే పంటినొప్పితో, జ్వరంతో మూలుగుతుంటే డ్రెస్సింగ్ రూమ్ ట్రేలో ఉన్న రెండు జ్వరం మాత్రలు నేనే ఇచ్చాను. రిజిస్టర్‌లో రాయలేదు. మందు వేసుకున్నావా అని ఎవరో అడుగుతున్నారు, వేసుకున్నానని చెప్పింది. అంతే. ఆయన దాన్ని టైపు చేసి ఆమెతో సంతకం చేయించాడు. ఆమెకు ఇంగ్లిష్ నేర్పేది నేనని అందరికీ తెలుసు కాబట్టి సాక్షిగా నన్ను పిలిచాడు.

"సర్, ఈమె చెప్పింది ఇది కాదు" అన్నాను.

"రాసింది చదివే కదా సంతకం పెట్టింది?"

"చదవడం రాదు."

"నేర్పేది నువ్వే కదా. నువ్వు సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటాను."

నేను ఎంబా వైపు తిరిగాను. "ఎంబా, వీళ్లు మినుమ్ అనడం లేదు. చురి అంటున్నారు."

ఆమె చేతిలో గుడ్డ కింద పడిపోయింది. "చురి?" అంది. తర్వాత గట్టిగా, బయట కూర్చున్న పేషెంట్లు తొంగిచూసేంత గట్టిగా, "తిదా! మినుమ్! మినుమ్!" అంటూ, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, నోట్లో మాత్ర వేసుకుని నీళ్లు తాగినట్టు చేసి చూపించింది. అడ్మినిస్ట్రేటర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆలోచించుకోమని నాకు సాయంత్రం దాకా టైమిచ్చాడు.

మా అంబులెన్స్ డ్రైవర్ జగిత్యాల అతను. వెనక గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"అక్కా, నీకెందుకే గీ లొల్లి? దస్తకత్ పెట్టి నీ పని నువ్వు చేస్కోరాదు? మల్ల నీ ఇకామా రెన్యూ చేసేది గాయనే."

"పెడితే ఆమె జైలుకు పోతది తమ్మీ."

"పెట్టకుంటె నువ్వు ఇంటికి పోతవ్."

"ఇంటికి పోతే పోత. ఇల్లు లేనిదాన్నా?"

అన్నానే గానీ, ఇకామా కార్డు లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు నా జీతం మీదే చదువుతున్నారు. అయినా ఆ వాక్యం తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు మండిపోయింది. ఆమెకు ఆ మాట నేర్పింది నేను. నేను నేర్పిన మాటతోనే ఆమె మెడకు ఉరి బిగిస్తామంటే ఆ ముడి నా చేత్తో వేయనని తేల్చుకున్నాను.

సాయంత్రం వెళ్లి ఆ గీత మీద సంతకం పెట్టకుండా దాని కింద నా చేత్తో రాశాను. ఈమె తీసుకున్నది రెండు జ్వరం మాత్రలు. ఇచ్చింది నేను. రిజిస్టర్‌లో రాయకపోవడం నా తప్పు. తాళం వేసిన అల్మారాలో ఏముంటుందో ఈమెకు తెలియదు. అది రాసి, అప్పుడు సంతకం పెట్టాను.

"కాగితం పాడు చేశావు" అన్నాడాయన.

"సర్, రోజుకు నలభైమందిని మందు తీసుకున్నారా అని మనమే అడుగుతాం. అందరూ తీసుకున్నామనే అంటారు. ఎంతమందిని పోలీసులకు పట్టించాం?"

ఆయన ఆ కాగితం చించబోయాడు. నేను లాక్కున్నాను. అలా పెద్దవాళ్ల చేతిలోంచి కాగితం లాక్కోవడం నా జీవితంలో అదే మొదలు. నేరుగా పెద్ద డాక్టర్ గదిలోకి నడిచాను. ఆయన సౌదీ మనిషి, వయసు మళ్లినవాడు, క్లినిక్ ఆయనదే. నాకొచ్చిన అరబ్బీ, ఇంగ్లిష్ కలిపి చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?" అని ఒక్కటే అడిగాడు.

"ఫార్మసిస్ట్ దగ్గర."

"ఆయన్ని అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఆ ఫార్మసిస్ట్ సెలవు మీద ఊరెళ్లాడు. పెద్ద డాక్టర్ అప్పటికప్పుడు ఫోన్ చేయించాడు. ఆయన కాసేపు గుర్తుచేసుకుని, ఖఫ్జీలో మన రెండో క్లినిక్‌కు అర్జెంటని ఒక డబ్బా పంపానన్నాడు. పంపిన చీటీ అక్కడే ఉండాలన్నాడు. మర్నాడు ఖఫ్జీ వాళ్లు చీటీ ఫోటో, డబ్బా ఫోటో రెండూ పంపారు. సీలు కూడా తీయలేదు.

అందరూ అయిపోయిందనుకున్నారు. ఎంబా అనుకోలేదు. మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని, ముట్టుకోకుండా అడిగింది. "సిస్టర్, అన్న మాటను వెనక్కి లాక్కోమనాలి. ఇంగ్లిష్‌లో ఏమంటారు?"

చెప్పాను. పెదవులు కదుపుతూ నాలుగుసార్లు అనుకుంది. సాయంత్రం క్లినిక్ తెరవగానే రిసెప్షన్ దగ్గర, అడ్మినిస్ట్రేటర్ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"సర్. యూ టేక్ బ్యాక్."

"ఏంటి?"

"యూ సే చురి. యూ టేక్ బ్యాక్."

"ఖలాస్, ఖలాస్, పనికెళ్లు."

కదల్లేదు. కుర్చీల్లో ఉన్న పేషెంట్లు చూస్తున్నారు. ఫోన్ మోగుతోంది. ఆయన తీయలేదు. పొట్టి మనిషి, ఆయన భుజం దాకా కూడా రాదు. తల పైకెత్తి కళ్లలోకే చూస్తూ నిలబడింది. ఒక పేషెంటుకు బీపీ చూస్తున్న నేను, వాళ్లిద్దరినే చూస్తూ పంపు నొక్కడం మర్చిపోయాను. చివరికి ఆయన, "ఓకే. ఐ టేక్ ఇట్ బ్యాక్" అన్నాడు, చాలా చిన్నగా. "థాంక్యూ సర్" అని బకెట్ అందుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాతి వారం నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. రిజిస్టర్‌లో రాయకుండా మాత్రలిచ్చినందుకు, పై అధికారితో మర్యాద తప్పినందుకు. మొదటిది నిజం, దాని పక్కన టిక్కు పెట్టాను. రెండోదాని కింద "అందింది, ఒప్పుకోను" అని రాసిచ్చాను. ఇకామా రెన్యూ కావడానికి మూడు వారాలు ఆలస్యమైంది. రోజూ వెళ్లి అడిగాను. అయింది.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. ఆ లెటర్ నా ఫైల్లో ఉంది, ఉండనీ.