నాయన తెచ్చిన స్వాహిలి మాటల నోటుబుక్కు

మా చిన్నప్పుడు... మా ఇంట్లో దాహమేస్తే "మాజీ" అని అడగాలి. "నీళ్లు" అంటే నాయన చెంబు వెనక్కి దాచేసేవాడు.

నాయన బోర్లు వేసే లారీ మీద పని చేసేవాడు. ఆ లారీ ఓడెక్కి టాంజానియా దేశం పోతే, నాయన విమానమెక్కి దాని వెనకాలే పోయాడు. రెండేళ్లకు సెలవు మీద వచ్చినప్పుడు ఒక నోటుబుక్కు తెచ్చాడు. అక్కడివాళ్లు మాట్లాడేది స్వాహిలి. ఒక్కో వరసలో స్వాహిలి మాట, దానికి ఇంగ్లీషు, దానికి తెలుగు... ఇంగ్లీషు అక్షరాలు రావు కాబట్టి అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాసుకున్నాడు.

మాజీ, వాటర్, నీళ్లు. చకులా, ఫుడ్, తిండి. న్దియో, ఎస్, అవును. పోలే పోలే, స్లోలీ, నిదానంగా.

నేను అప్పుడు నాలుగో తరగతి. సిగ్గు ఎక్కువ. బడిలో పేరడిగినా తల దించుకునేదాన్ని. స్వాహిలి మాత్రం గలగలా మాట్లాడేదాన్ని... తప్పు పలికితే నవ్వడానికి మా ఊళ్లో ఆ భాష వచ్చినవాళ్లు ఎవరూ లేరు కదా!

పెద్దవాళ్లు ఎదురైతే "షికమో" అనాలి. మన దండం లాంటిది. దానికి వాళ్లు "మరహబా" అనాలి. అనకపోతే ఆ దండం అందనట్టే అని నాయన చెప్పాడు. అంతే, పొద్దున్నే అవ్వకు అడ్డం నిలబడి, ఆమె మరహబా అనేదాకా దారి వదిలేదాన్ని కాదు.

"కాపీ నీళ్లన్నా తాగనీ మే! నీ నాయన నిన్ను యాడికో అమ్మేసేటట్టుండాడు" అని తిట్టి, చివరికి నవ్వుతూ మరహబా అనేది.

సెలవు అయిపోయి నాయన మళ్లీ వెళ్లిపోయాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం శెట్టి అంగడికి ఫోన్ చేసేవాడు. అమ్మా నేనూ ముందే పోయి మెట్ల మీద కాచుకునేవాళ్లం.

ఒక ఆదివారం ఫోన్ రాలేదు. రెండో ఆదివారమూ రాలేదు... మూడోదీ రాలేదు. అమ్మ తన అన్నంలో సగం కుక్కకు పెట్టేసేది. బోరు పైపులు ఎంత బరువో, మీద పడితే ఏమవుతుందో నాయనే మాకు చెప్పి ఉన్నాడు.

నాలుగో ఆదివారం ఫోన్ మోగింది. శెట్టి తీసి, "హలో... హలో..." అని మొహం చిట్లించాడు.

"లచ్చుమమ్మా, మీ ఆయన కాదు. ఇంకెవరో. ఏం భాషో నాకు తెలీలేదు, సూడు" అని అమ్మకిచ్చాడు.

అమ్మ విన్నది. నాయన బదులు ఇంకొకరు ఫోన్ చేశారంటే దానికి ఒక్కటే అర్థమని అనుకున్నట్టుంది. ఫోన్ పట్టుకునే ఏడ్చేసింది.

నాకెక్కడి ధైర్యం వచ్చిందో... ఫోన్ లాక్కున్నాను. ఏమడగాలో తెలియక, అలవాటుగా "షికమో" అనేశాను.

అవతల నుంచి పెద్ద నవ్వు. "మరహబా! మరహబా!"

నవ్వే మనిషి చెడ్డ కబురు చెప్పడులే అనిపించింది. "పోలే పోలే" అన్నాను. ఆయన చిన్నపిల్లకు గోరుముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటే చెప్పాడు. జుమా... అది ఆయన పేరు, నాయనతో పని చేసేవాడని తర్వాత తెలిసింది. బాబా... అంటే నాయన. మ్గూ... అంటే కాలు. హాస్పిటాలీ. సలామా... అంటే క్షేమం.

"బాబా సలామా?" మళ్లీ అడిగాను.

"న్దియో! సలామా!"

"మా, నాయన బాగుండాడు. కాలికి దెబ్బ తగిలి ఆస్పత్రిలో ఉండాడంట."

"మనిషి ఉండాడా మే?"

"ఉండాడుమా!"

అమ్మ అట్లే అంగడి మెట్టు మీద కూలబడింది. కొంగుతో మొహం తుడుచుకుని, "కాలే కదా! కాలికి పుత్తూరు కట్టు ఉండాది" అంటూ లేచి, ఫోన్ తీసుకుని అరిచింది.

"అబ్బా జుమా, ఆ మనిషిని బద్రంగా పుత్తూరికి పంపీప్పా!"

అవతల నుంచి "న్దియో, న్దియో" అని వినబడింది. శెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. నెల రోజుల తర్వాత అమ్మ నవ్వింది.

నాయన పిండికట్టుతో మద్రాసులో దిగితే, అమ్మ ఇంటికి కూడా రానీయకుండా నేరుగా ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరికే తీసుకుపోయింది. అక్కడ ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. మూడు నెలలకు నాయన చక్కగా నడిచాడు. మళ్లీ విమానం ఎక్కలేదు.

ఇప్పుడు మా ఆయనకు అలిపిరి దగ్గర పని. పది నిమిషాలు ఆలస్యమైతే ఫోన్‌లో మొహం చూసేస్తాను. అట్లా కాచుకునే బాధ లేదు... ఎంత హాయో. కానీ నోటుబుక్కు చెదలు తినేసింది. నాయన కూడా చాలా మాటలు మరిచిపోయాడు. నేను పుట్టింటికి పోయి "మాజీ" అని చెంబు ఇస్తే, "అసంతే" అంటాడు. థాంక్స్ అని. నాయనకు ఆ రెండే మిగిలాయి.

మీ నాయనలు కువైట్ నుంచో మస్కట్ నుంచో తెచ్చిన మాటలు మీ ఇళ్లల్లో ఇంకా ఉన్నాయా? ఉంటే కింద రాయండి.

ఇది చదివిన పెద్దలందరికీ షికమో... మరహబా అనడం మరవకండి. అనకపోతే దండం అందనట్టే.