మాట రాని దండోరా

ముందే ఒప్పేసుకుంటున్నాను. నాకు అతిశయోక్తి జబ్బు ఉంది. మా ఇంటి గోడ మీద బల్లి కనిపించిందంటే, నేను వీధి చివరికి చేరేలోపు అది మొసలైపోతుంది. కాబట్టి కింద తగిలే మొసళ్ళని మీరే కుదించుకుని చదువుకోండి.

2023 వానాకాలం. శ్రీకాకుళంలో మేడ మీద గది, ఒక ఫోను, ఒక రేకు కుర్చీ. అదే నా ఆఫీసు. ఉద్యోగం గేమ్ మాస్టర్. ముగ్గురు నలుగురు ఆన్‌లైన్‌లో చేరి, తలో పాత్ర తీసుకుని, వంతులవారీగా టైప్ చేస్తూ ఒకే కథ నడుపుతారు. దాన్ని రోల్‌ప్లే అంటారు. ఆ కథలో కొండలు నిలబెట్టేదీ వరదలు తెప్పించేదీ నేను. దేవుడి ఉద్యోగమే గానీ జీతం అర్చకుడిది.

ప్లాన్ లేకుండా నేను ఆవలించను కూడా. ఆ కథకి వేసిన ప్లాన్ కాగితాలు పరిస్తే శ్రీకాకుళంలో మొదలై చిలకపాలెం దాటిపోతాయి. ఎవరు ఎప్పుడు ఏడవాలో కూడా అందులో ఉంది.

ఆటగాళ్ళు ముగ్గురు. సాలూరు లారీ డ్రైవర్ అప్పన్న ఏరికోరి రాణి పాత్ర తీసుకున్నాడు. అతని మీసాలు వైపర్లంత ఉంటాయి. విజయనగరం టైలర్ సత్యం పడవవాడు. శృంగవరపుకోట దగ్గర మూడో తరగతికి పాఠాలు చెప్పే మేరీ టీచరు దండోరా వేసే మనిషి.

మేరీ టీచరు సంగతి నాకొక్కడికే తెలుసు. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట పోయింది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. మళ్ళీ వస్తుందో రాదో డాక్టర్లు చెప్పలేకపోయారు. ఆదివారంతో సెలవు అయిపోతుంది. తరగతికి వెళ్ళాలా, పాఠాలు మానేసి ఆఫీసులో కూర్చునే పని అడుక్కోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. అందుకే కథలోనైనా లోకమంతా వినేలా అరవనిద్దామని దండోరా పాత్ర ఇచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఆఖరి ఘట్టం. రాణి సైన్యం ఏటి ఒడ్డున పల్లంలో విడిది చేసింది. పైన గట్టు తెగింది. ఆ రహస్యం మేరీ టీచరుకి మాత్రమే విడిగా పంపాను. ప్లాన్ ప్రకారం ఆమె కేక వేస్తుంది, అందరూ పరిగెడతారు, శుభం.

ఆమె టైప్ చేసింది: “డప్పు భుజాన వేసుకుని రాణి ముందుకొచ్చాను. నోరు తెరిచాను. గాలే వచ్చింది. మాట రాలేదు.”

నా చిలకపాలెం ప్లాన్ మొత్తం ఏట్లో కలిసింది. ఏమిటిదని విడిగా అడిగాను.

“ఆపకండి మాస్టారూ,” అని రాసింది. “గొంతు లేకుండా మనుషుల్ని నిలబెట్టగలనో లేదో సూడాలి. రేపటి సంగతి ఇక్కడే తేలిపోవాలి.”

మా ఆటలో గాడ్‌మోడింగ్ అని ఒక మహాపాపం ఉంది. ఒకరి పాత్రను ఇంకొకరు కదిలించడం, వాళ్ళ మాట వీళ్ళు చెప్పేయడం. కాబట్టి ఆమె తరఫున ఎవరూ మాట్లాడకూడదు. నాతో సహా. గోళ్ళు కొరుక్కున్నాను, మోచేతుల దాకా.

శత్రువులు వస్తున్నారా అని రాణి అడిగింది. దండోరా మనిషి తల అడ్డంగా ఊపి డప్పు మీద ఒక దెబ్బ వేసింది. అడవి అంటుకుందా అని పడవవాడు అడిగాడు. ఇంకో దెబ్బ. పులా, దొంగలా, పాముల పుట్టా అని ఇద్దరూ వంతులేసుకుని అడిగారు. ఒక్కరూ ఆమె చేత మాట అనిపించలేదు. ఒక్కరూ ఆట వదిలిపోలేదు. చివరికి ఆమె కుండ ఎత్తి రాణి పాదాల మీద నీళ్ళు పోసి, కొండవైపు చెయ్యి చూపింది.

కాసేపటికి అప్పన్న రాశాడు: “రాణి కిరీటం తీసి సంకలో ఎట్టుకున్నాది. ఒరే, అందరూ మెట్టకెక్కండి. ఏరొస్తన్నాది.”

తర్వాత అప్పన్న పాత్ర వదిలి, మామూలు మనిషిగా ఓఓసీలో రాశాడు. కథ బయట మాట్లాడుకునే చోటది. “టీచరమ్మా, లారీ పక్కకాపీసి మరీ సూస్తన్నాను. మీరు మాటాడీసుంటే ఓ కంట సదివీసి బండి పోనిచ్చీద్దును.”

అతనికి ఆమె గొంతు సంగతి ఇప్పటికీ తెలియదు.

సోమవారం సాయంత్రం ఆమె మెసేజ్ వచ్చింది. “ఎళ్ళాను మాస్టారూ. బోర్డు మీద ఏనుగు తొండం ఒకటి గీసి, సుద్దముక్క పక్కనెట్టి, సేతులు కట్టుకుని నిల్సున్నాను. మిగతాది గీస్తామని క్లాసంతా నా మీద పడిపోనారు. రేపు కూడా ఎళ్తాను.”

దానికి నేనిలా జవాబిచ్చాను: “అమ్మా, నేను వేసే ప్లాన్ ఒడ్డు మాత్రమే. ఏరు మీరు.”

అప్పటినుంచి ప్లాన్ మానలేదు. ఏరు ఎక్కడుందో, గట్టు ఎప్పుడు తెగుతుందో రాసుకుంటాను. అది విన్న మనిషి ఏం చేస్తుందన్నచోట కాగితం ఖాళీగా వదిలేస్తాను. వదిలిన ప్రతిసారీ నాకు భయం వేస్తుంది. ప్రతిసారీ అందులోంచి నేను కలగనలేనిదేదో పుట్టుకొస్తుంది.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. మీసాల రాణి నిజం. పాదాల మీద పోసిన నీళ్ళు నిజం. తొండం నిజం. ఒడ్డూ ఏరూ అన్న నా జవాబు మాత్రం అబద్ధం, ఇందాక రాస్తూ రాస్తూ పుట్టించాను. ఆ రోజు టైప్ చేశాను, చెరిపాను, మళ్ళీ చేశాను, మళ్ళీ చెరిపాను. ఆమే అడిగింది: “ఏటి మాస్టారూ, ఇందాకట్నించీ టైపింగ్ అని సూపిస్తన్నాది, ఏటీ రాట్లేదు?”

ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.