పండుగప్ప పిల్లల తొలి గుక్క

నిన్న సాయంత్రం జెద్దాలో, మా వీధి చివరి సూపర్ మార్కెట్లో, మంచు పరిచిన బల్ల మీద పండుగప్పలు వరసగా పడుకుని ఉన్నాయి. వెండి పొలుసుల మీద మంచు కరిగి కింద గిన్నెలోకి బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ నీటి వాసన తగలగానే, చంకలో ఉన్న నా చంటిపిల్లను భుజం మార్చుకుని అలాగే నిలబడిపోయాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. మొదటి రోజుల్లో ఊపిరి అందక ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. నిన్ననే డాక్టరు చివరిసారిగా గుండె మీద గొట్టం పెట్టి విని, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని, ఇక టీకాలకు తప్ప రానక్కర్లేదని చెప్పారు. అక్కణ్ణుంచి తిన్నగా కూరలు కొనడానికి వచ్చి, కూరల సంగతి మరిచిపోయి, ఎనిమిదేళ్ళ పిల్లనైపోయి, ఎర్రసముద్రం ఒడ్డున నాన్న పనిచేసిన చేపపిల్లల హేచరీలోకి వెళ్ళిపోయాను.

అది జెద్దాకు దక్షిణాన, ఊరంటూ లేని చోట ఉండేది. ఒకవైపు ఉప్పు పేరుకున్న ఇసుక, ఇంకోవైపు మోకాలి లోతు దాటితే గాని నీలం రంగు రాని సముద్రం, మధ్యలో రేకుల షెడ్లు, వాటి వెనక మా నాలుగు కుటుంబాల క్వార్టర్లు. వేసవిలో గాలి కూడా చెమట పట్టినట్టుండేది, తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చెయ్యి కాలేది. చలికాలంలో సముద్రపు గాలి చల్లగా వీస్తుంటే అమ్మ నా చెవులకు మఫ్లరు చుట్టి బయటికి పంపేది. గవ్వలతో అష్టాచెమ్మా, విరిగిన ప్లాస్టిక్ పైపు ముక్కలతో ఇళ్ళు, ఆ ఇళ్ళలో సన్యాసి పీతల కాపురం. వీటన్నిటి వెనకా పగలూ రాత్రీ ఆగకుండా, ట్యాంకుల నీళ్ళలోకి గాలి ఊదే మర మోత వినిపించేది. అది ఆగితే మాకు మెలకువ వచ్చేది. షెడ్డులోకి వెళితే నాచు పెంచే పెద్ద పెద్ద సంచులు ఆకుపచ్చగా వెలుగుతూ వేలాడేవి. పచ్చి గడ్డి, ఉప్పు, తడి సిమెంటు కలిసిన వాసన నాన్న చొక్కాలకు ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు.

నాన్నది కాకినాడ. చేపల చదువే చదివి, పండుగప్ప పిల్లల్ని పుట్టించి పెంచే పనికి ఇక్కడికి వచ్చారు. పైపులూ మోటార్లూ చూసే గంగారాం నిజామాబాద్ వైపు మనిషి. నాన్న నన్ను షెడ్డులోకి రానిచ్చేది చేతులు వెనక్కి కట్టుకుని నడిచే షరతు మీదే.

గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ పండుగప్ప పిల్లను చూస్తే చేప అనిపించదు. రెప్ప వెంట్రుక ముక్కంత ఉంటుంది, అదీ గాజుతో చేసినట్టు. కళ్ళున్న చోట రంగుండదు, నోరు ఇంకా తెరుచుకోదు, పొట్ట కింద మాత్రం సొన సంచి ఒకటి ఉంటుంది. "వాళ్ళమ్మ కట్టిచ్చిన సద్ది" అనేవారు నాన్న. ఆ సద్ది అయిపోయేలోగా కళ్ళు నల్లబడాలి, నోరు విచ్చుకోవాలి, మన కంటికి ఆనని జీవాల్ని వేటాడి తినడం నేర్చుకోవాలి. ఇవన్నీ ఒక ఎత్తయితే, గుక్క ఒక్కటీ ఒక ఎత్తు. ఆ తొలి రోజుల్లోనే పిల్ల నీటిపైకి వచ్చి గుక్కెడు గాలి మింగాలి. ఆ గాలి వెన్ను కింద చిన్న తిత్తిలో బుడగలా నిలిస్తేనే అది నీళ్ళలో తేలికగా ఉండగలుగుతుంది. ఆ రోజులు దాటితే తిత్తికి దారి మూసుకుపోతుంది. తర్వాత ఎన్నిసార్లు పైకి వచ్చినా లాభం ఉండదు. అలాంటి పిల్లలు తింటాయి, కొంతకాలం బతుకుతాయి కూడా. కానీ మునిగిపోకుండా ఉండటానికే ఒళ్ళంతా ఆడించీ ఆడించీ, పెరిగేకొద్దీ వెన్నులు వంకర తిరుగుతాయి.

ఆ ఏడాది నాన్న ట్యాంకుల్లో వరసగా రెండు కాన్పులూ అలా వంకర వెన్నులతోనే పెరిగాయి. నీటి మీద నూనె పొర కమ్మితే ఆ చిన్ని నోళ్ళు దాన్ని చీల్చుకుని పైకి రాలేవని నాన్నకు తెలుసు. మేత నుంచి వచ్చే నూనె అనుకుని మేత మార్చారు, పొరను ఓ మూలకు నెట్టడానికి నీటి మీద గాలి గొట్టాలు పెట్టారు. అయినా పొర మళ్ళీ పట్టేది. కఫీలు, అంటే మా వీసాకు పూచీ ఉన్న యజమాని, ఓ రోజు షెడ్డంతా తిరిగి చూసి, మూడోసారి కూడా ఇంతే అయితే ఎగ్జిట్ వేసి ఇంటికి పంపిస్తానని మెత్తగానే చెప్పి వెళ్ళాడట. అమ్మ హాల్లోకి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి పెట్టింది. నా బొమ్మల్లో ఏవి పట్టుకెళ్ళాలో ఏవి వదిలెయ్యాలో నేను వాటి మధ్య కూర్చుని తేల్చుకునేదాన్ని.

ఉప్పునీళ్ళలో నాని నాని నాన్న చేతులు మోచేతుల దాకా పగుళ్ళు బారేవి. ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డిని పైపుతో లాగేటప్పుడు ఆ పగుళ్ళలో ఉప్పు దిగి మండేది. రోజూ పడుకోబోయే ముందు అమ్మ కొబ్బరినూనె వేడిచేసి, ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో పగులూ వెతికి రాసేది. పొద్దున మళ్ళీ ఒక పూత. మా ఇంట్లో ముద్దు మురిపాలు మాటల్లో కనబడేవి కావు, అదే ముద్దు.

మూడో కాన్పు గుడ్లు ట్యాంకులో వేసిన రోజు పొద్దున, నాన్న పనికి బయల్దేరుతూ ఎందుకో పెరట్లో నీళ్ళ బకెట్లో చెయ్యి ముంచారు. నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల వలయం ఒకటి మెల్లగా విచ్చుకుంది. చెయ్యి తీసి, సబ్బుతో రుద్ది, వేరే బకెట్లో ముంచారు. పల్చగానే గాని మళ్ళీ విచ్చుకుంది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ ముఖంలో రంగు పోయింది.

"నా వల్లేనా అండీ?"

"అని ఎవరన్నారు? మేత నూనె కూడా అయుండొచ్చు."

"నా వల్లే" అంది అమ్మ, ఈసారి అడగడం మాని.

ఆ రోజు నుంచి షెడ్డులో నూనెకు ప్రవేశం లేదు. తలకు రాసుకోవడం బంద్, లోపలికి వెళ్ళే ముందు మోచేతుల దాకా సబ్బు. గంగారాం నెత్తి రోజూ నూనెతో మెరిసేది. ఆయనకు ఇది మింగుడు పడలేదు.

"ఏంది సారూ, మీ చేపపిల్లలకు నా నెత్తితోని పనేంది? నా పెండ్లిల సుత ఇంత నీటుగ కడుక్కోలే."

"అప్పుడు కడుక్కోనందుకే మీ ఆవిడ ఇండియాలో ఉండిపోయింది, మీరిక్కడికొచ్చారు" అన్నారు నాన్న. చాలా రోజుల తర్వాత మా క్వార్టర్ల ముందు నవ్వు వినిపించింది.

ఇంట్లో అమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. నాన్న తినే చేత్తోనే పని చేస్తారు కదా అని తాలింపు మానేసింది. తాలింపు లేని పప్పు, ఆవిరి కుడుములు, గంగారాం నేర్పిన పచ్చిపులుసు. ఆ మధ్యలోనే దీపావళి వచ్చింది. బయటివాళ్ళ కంట పడకుండా కిటికీ తెరలు వేసి దీపాలు పెట్టుకునే పండగ మాది. అప్పాల మూకుడు అటక దిగలేదు, పాలతాలికలు మాత్రం చేసింది. తెల్లవారుజామున నాకు తలంటి పోసింది గాని తన తలకు చుక్క నూనె పెట్టుకోలేదు. నాన్న చేతులు పగిలి నెత్తురు కారుతుంటే చూడలేక అటు తిరిగి అన్నం వడ్డించేది.

పండగ మర్నాడు మధ్యాహ్నం నాన్న నన్ను పంపి అమ్మను షెడ్డుకు పిలిపించారు. బకెట్ సంగతి తెలిశాక ఆమె అటువైపే వెళ్ళలేదు. గుమ్మంలో కుళాయి దగ్గర ఆగి సబ్బుతో చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది, మళ్ళీ. లోపలికి వచ్చి, నాలాగే చేతులు వెనక్కి కట్టుకుని, మైక్రోస్కోపు మీదికి వంగింది. ముందు ఏమీ కనబడలేదంది. నాన్న మైక్రోస్కోపు మరను అటూ ఇటూ తిప్పారు. "వెన్ను కింద చూడు. కళ్ళకి కాస్త వెనకగా."

అమ్మ చాలాసేపు తల ఎత్తలేదు. తర్వాత నన్ను ఎత్తి చూపించారు. గాజు పిల్ల, నల్లటి రెండు కళ్ళు, వాటి వెనక సూదిమొనంత మెరిసే గాలి చుక్క. నాన్న ఒక్కో పిల్లనూ మార్చి చూపిస్తూ పోయారు. ఒకదానికి లేదు, దాని తర్వాత దానికి ఉంది, ఇంకోదానికి ఉంది, మళ్ళీ ఉంది. అమ్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆ తడి నేల మీద, పైన తొడుక్కున్న నల్లటి అబాయా తడిసిపోతున్నా లేవలేదు.

అమ్మ నూనే కారణమో, మేత మార్చడం అప్పటికి పనిచేసిందో నాన్న ఇప్పటికీ తేల్చి చెప్పరు. ఆ కాన్పు పిల్లలు నల్లబడి, తర్వాత వెండి రంగు తిరిగి, తమకన్నా చిన్నవాటిని మింగే వయసుకొచ్చాయి. పెద్దవాటిని జల్లెడతో వేరుచేసే రోజున నాకూ ఒక చిన్న గిన్నె ఇచ్చారు. ప్రయాణం తప్పి ఖాళీగా మిగిలిన అట్టపెట్టెల్లో నా స్కూలు పుస్తకాలు సర్దుకున్నాను. నేను పదో తరగతి దాకా అక్కడే పెరిగాను.

పోయిన చలికాలం మా ఆయన నన్ను అటు తీసుకెళ్ళారు. కాలి కింద గవ్వలు అలాగే ఉన్నాయి గాని షెడ్లు లేవు, క్వార్టర్లు లేవు. కంచె కట్టి నేల చదును చేసి ఉంది. అన్నిటికన్నా నాకు కొత్తగా తోచింది ఆ నిశ్శబ్దం. గాలి మర మోత లేని ఆ ఒడ్డును నేనెప్పుడూ వినలేదు.

పురుడు పొయ్యడానికి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ ఇంకా నాతోనే ఉంది. ఇందాక పిల్లను మధ్యలో వేసుకుని కూర్చున్నప్పుడు అడిగాను. "మళ్ళీ నాన్నని ముట్టుకోవాలంటే భయం వెయ్యలేదా అమ్మా?"

"ఎందుకెయ్యదూ. వేసింది."

"మరి?"

"మరేంటి, నూనె రాయడం మానేశానా? వేళ మార్చాను. ఆ కాన్పు గట్టెక్కాక శుక్రవారాలు మీ నాన్నకి సెలవు, ట్యాంకుల పని గంగారాం చూసుకునేవాడు కదా, గురువారం రాత్రి రాసేదాన్ని." పిల్లను ఎత్తుకుని తన మంచం వైపు నడిచింది. "నువ్వు వెళ్ళి పడుకో. గంటకోసారి నువ్వు వేలు పెట్టి చూడకపోయినా దీని ముక్కు ఆడుతుంది."

అందుకే ఇటు గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. మొదలుపెట్టినప్పటి నుంచి రెండుసార్లు లేవబోయాను. లేవలేదు.