అగ్గి ఉన్నదా?

మేడ్చల్ ఊళ్లోకి వెళ్లకముందే, రోడ్డుకి ఎడమచేతి వైపున ఒక పెట్రోల్ బంకు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. అందులో ఓదెలు అనే మనిషి పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఆ పద్నాలుగేళ్లలో ఎన్ని వేల బండ్లకి పెట్రోలు పోశాడో నాకు తెలియదు. ఒక్క బండికైనా ఆ మాట అడగకుండా పోయలేదని మాత్రం ప్రమాణం చేసి చెప్పగలను. స్కూటరైనా, పోలీసు జీపైనా, పెళ్లివారి కారైనా ఒకటే. ఒక చెయ్యి పెట్రోలు పోసే గన్ను మీద ఉంచి, కొంచెం వంగి, లోపలున్న వాళ్లందరి మొహాలూ చూస్తూ అడిగేవాడు.

"అగ్గి ఉన్నదా?"

నేను మొదటిసారి ఆ మాట విన్నది 1997 వేసవిలో. తెనాలి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. ఒక పాత మారుతి 800 కొన్నాం. నాకు నడపడం రాదు. అమ్మినాయనే నడుపుకుంటూ బంకుదాకా తీసుకొచ్చాడు. నేను ముందు సీట్లో, నా భార్య పార్వతీదేవి వెనక సీట్లో.

"అగ్గి ఉన్నదా సార్?"

"నేను సిగరెట్ తాగనయ్యా," అన్నాను కాస్త పౌరుషంగా.

"నేను సిగరెట్ అడగలే సార్. అగ్గి అడిగిన."

"లేదని చెప్పానుగా."

వెనకనుంచి పార్వతి నా భుజం మీదుగా చెయ్యి చాపి చూపించింది. డాష్‌బోర్డు మీద, బయల్దేరేముందు ఆవిడే నిమ్మకాయలో గుచ్చిన అగరుబత్తి సన్నగా పొగలు తీస్తోంది.

"ఉందండీ ఓదెలు గారూ," అంది. ఆయన పేరు చొక్కా జేబు మీద కుట్టి ఉంది.

ఓదెలు మొహమంతా నవ్వయింది. "గారు ఎందుకమ్మా, జర దాన్ని బయటికి తీస్కపో. ఆడ ఇసుక బకీట్ల గుచ్చు. దేవుడు ఏమనుకోడు."

ఆ రోజునుంచి బంకులో ఆ ప్రశ్నకి జవాబు చెప్పే బాధ్యత పార్వతిదైపోయింది. బండి ఆగగానే ముందు ఇంజను ఆపించేది. తర్వాత అగరుబత్తి, మా తమ్ముడు వస్తే వాడి జేబులో అగ్గిపెట్టె, అన్నీ చూసుకుని అప్పుడు చెప్పేది. "అగ్గి లేదు ఓదెలు గారూ."

ఓదెలుది మేడ్చల్ పక్కనున్న గౌడవెల్లి. పదిహేనేళ్లు లారీ నడిపాడు. కళ్లు మందగించాక రాత్రి బండి నడపడం తప్పని తనకి తానే తేల్చుకుని దిగిపోయాడు. ఎవరూ దిగమనలేదు. తండ్రి ఇచ్చిన ఎకరన్నర ఉండేది. బోరు ఎండిపోయి, చుట్టుపక్కల వాళ్లందరూ అమ్మేశాక ఆయనా అమ్మాడు. కొన్నది మధుసూదన్. ఆ చుట్టుపక్కల భూములున్న కుటుంబం, రాజకీయాల్లోనూ కాలు పెట్టినవాడు, ఈ బంకూ ఆయనదే. పొలం ప్లాట్లయింది. ఇక్కడ దాన్ని వెంచర్ అంటారు. తెల్ల రాళ్లు పాతారు, ఎర్రమట్టి రోడ్లు వేశారు, ఇళ్లు మాత్రం చాలా ఏళ్లు రాలేదు.

ఓదెలు మాకు డ్రైవింగ్ నేర్పింది ఆ రోడ్ల మీదే. డ్యూటీకి ముందు, పొద్దున ఆరింటికి వచ్చేవాడు. తన పొలం మీద తనే కారు నేర్పుతున్నానని ఆయన ఎప్పుడూ అనలేదు. ఒకరోజు నేను మలుపు సరిగ్గా తిప్పలేక ఒక రాయిని గుద్దబోతే మాత్రం, "పైలం సార్, ఆడ మా బాయి ఉండె," అన్నాడు. నేను రాయి వైపు చూశాను. అక్కడ బావి గుర్తులేమీ లేవు.

ఆయన నేర్పే తీరు వేరు. బండెక్కే ముందు చుట్టూ ఒకసారి నడవాలి. నాలుగు టైర్లూ చూడాలి. డిక్కీలో ఉన్న స్టెప్నీని కూడా చేత్తో నొక్కి చూడాలి. "ఐదో టైరును ఎవ్వరు పట్టించుకోరు సార్. అవసరం పడ్డనాడు అది గూడ మనల్ని పట్టించుకోదు." ఇంజను చల్లగా ఉన్నప్పుడు, చదునైన చోట, ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడాలి. క్లచ్ మీద కాలు ఊరికే ఆనిస్తే నా మోకాలి మీద తట్టేవాడు. "అది కాలు పెట్టుకునే పీట కాదు."

పార్వతి మూడు వారాల్లో నేర్చేసుకుంది. నాకు నాలుగు నెలలు పట్టింది.

"మేడమ్ బండి మాట ఇంటది సార్," అన్నాడు ఓదెలు. "మీరు బండికి మాట చెప్తరు. గదే ఫరక్."

ఒక మే నెలలో ఓదెలుతో కలిసి శామీర్‌పేట వెళ్లి వస్తుంటే, తిరుగుదారిలో వేడి చూపించే ముల్లు పైకెక్కింది. బండి ఆపాం. నేను బానెట్ ఎత్తి, గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. ఓదెలు నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా కాదు. కానీ నేను కదల్లేకపోయాను.

"చల్లగైతది సార్. కూసుందాం."

"ఎంతసేపు?"

"దానికెంత సేపు కావాల్నో అంత సేపు."

ముప్పావు గంట చింతచెట్టు నీడలో కూర్చున్నాం. ఆయన బానెట్ దగ్గర చెవి పెట్టి విన్నాడు, వచ్చి కూర్చున్నాడు, మళ్లీ వెళ్లి విన్నాడు. మూడోసారి విని, గుడ్డ తీసుకుని, మూతని సగం తిప్పి ఆగి, మిగతా సగం తిప్పాడు. లోపలినుంచి చిన్న నిట్టూర్పులా వచ్చింది, అంతే. ఏం విన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. నిద్రపోతున్న పసిపిల్ల ఊపిరి వినే తల్లిని తప్ప మరెవరినీ అలా వినగా చూడలేదు.

రాసే అలవాటున్న వాణ్ణి కనక, ఇంత జాగ్రత్త వెనక ఏదో కథ ఉండి తీరాలనుకున్నాను. ఎక్కడో ఏదో కాలి ఉండాలి, ఎవరో పోయి ఉండాలి. ఒకరోజు అడిగేశాను.

"ఎందుకు ఓదెలూ, ప్రతి బండినీ అలా అడుగుతావు? ఎప్పుడైనా ఏమైనా జరిగిందా?"

ఆయన నా వంక ఆశ్చర్యంగా చూశాడు. "ఏం గాలే సార్. ఏదన్న అయితేనే అడగాల్నా?"

నేను చదివిన వాటిలో గానీ రాసిన వాటిలో గానీ నన్ను అలా నిలబెట్టేసిన వాక్యం లేదు.

అయితే ఈ మాటే ఆయన ఉద్యోగానికి ముప్పు తెచ్చింది. 2000 నాటికి రోడ్డుకి అవతల ఇంకో బంకు వచ్చింది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఓదెలు దగ్గర మాత్రం ఇంజను ఆపాలి, బీడీ ఆర్పాలి, వెనకున్నవాళ్లు ఆగాలి. విసుగెత్తిన ఇద్దరు ముగ్గురు మధుసూదన్‌కి గట్టిగానే ఫిర్యాదు చేశారు. మధుసూదన్ ఓదెలుని పిలిచి, ఇంకొక్క మాట వస్తే గన్ను తీసుకుంటానని, వెంచర్‌లో కావలి కూర్చోబెడతానని అన్నాడు.

ఓదెలు ఆ సంగతి మాతో చెప్పినప్పుడు మొదటిసారి ఆయన గొంతు మారడం విన్నాను.

"కూలి చెయ్యమంటే చేస్త మేడమ్. గని ఆ రాళ్లకు కావలి కూసోమంటే ఎట్ల? ఆడ నేను నాగలి కట్టిన. ఇగ స్టూలేస్కొని కూసొని, పరాయోళ్ల రాళ్లు ఎవ్వలు ఎత్కపోకుంట సూడాల్నా?"

"మరైతే కొన్నాళ్లు అడక్కుండా పొయ్యండి ఓదెలు గారూ," అంది పార్వతి.

"నోరు ఊకోదమ్మా," అన్నాడు.

ఆ ఏడు దసరా. ఆయుధపూజలయ్యాక బంకు నిండా బంతిపూల బండ్లే. మా బండి వరసలో మూడోది. పార్వతి నడుపుతోంది. మాకు ఎదురుగా, రెండో వైపునుంచి మధుసూదన్ కొత్త తెల్ల కారు వచ్చింది. షోరూమ్ వాళ్లు పోసిన నాలుగు చుక్కల పెట్రోలుతో గుడికి వెళ్లి పూజ చేయించుకుని వస్తున్నారు. పక్క సీట్లో ఆయన తల్లి విజయమ్మ. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. ఆవిడ ఒళ్లో ఇత్తడి పళ్లెం, పళ్లెంలో వెలుగుతున్న దీపం. ఎల్లమ్మ ముందు వెలిగించి, కొండెక్కకుండా ఇంటి దేవుడి గదికి చేరుస్తానని మొక్కుకుందట.

ఓదెలు పదడుగుల దూరంలోనే అరచెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

"అన్నా, ఆడ్నే ఆపు."

మధుసూదన్ అద్దం దించి తల బయటపెట్టాడు. "ఏందిరా?"

"అగ్గి ఉన్నది."

"అగ్గి ఏడిదిరా? అమ్మోరి దీపం అది."

"దీపమే అన్న. గని గా ముచ్చట పెట్రోల్‌కు ఎర్కలేదు గదా."

వరసలో ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. మధుసూదన్ కారు దిగాడు.

"నా బంక్ల నా బండిని ఆపుతవా?"

"నీ బంకే గదన్నా. అందుకే ఆపుతున్న."

"దీపం ఆర్పుమంటవా పండుగపూట? మా అమ్మ చేతుల దీపం?"

"ఆ మాట నా నోట్లెకెల్లి రాలే అన్న. అవ్వను దీపంతోని దిగుమను. గా గోడ దాక నడుసుకుంట పోతది. బండి పెట్రోల్ తాగి ఆమె దగ్గర్కి పోతది."

"రేపటికెల్లి గన్ను ముట్టకు," అన్నాడు మధుసూదన్, అందరూ వినేలా. "వెంచర్ల కావలి కూసో. గిదే చెప్పుడు."

ఓదెలు ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు, అంతా సర్దుకుంటుంది. మేమందరం ఆ అడుగు కోసమే చూస్తున్నాం. నిజం చెప్పాలంటే నేనూ లోలోపల అదే కోరుకున్నాను. పండగ, దీపం, యజమాని. దీపాన్ని నిప్పని ఎవరనుకుంటారు?

"మంచిది అన్న," అన్నాడు ఓదెలు. "గిప్పుడైతే అవ్వను దింపు."

కారు తలుపు తెరుచుకుంది. తెరిచింది మధుసూదన్ కాదు, విజయమ్మ.

"కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి. ఎవలన్న చెయ్యి అందియ్యుండ్రి, మోకాళ్లు పట్టేసినయ్," అంది.

మా బండి ఇంజను ఆగింది. పార్వతి దిగి పరుగులాంటి నడకతో వెళ్లింది. మా కారు అద్దానికి ఎండ తగలకుండా పెట్టుకునే అట్ట ఆవిడ చేతిలో ఉంది. గాలి వచ్చే వైపు ఆ అట్ట అడ్డం పెట్టి, రెండో చెయ్యి ముసలావిడ మోచేతి కింద వేసింది. ఇద్దరూ గాలి కొట్టే షెడ్డు పక్కనుంచి ప్రహరీ గోడ దాకా నడిచారు. అరవై డెబ్బై అడుగులుంటుంది. బంకులో ఒక్క ఇంజను చప్పుడు లేదు. అందరం దీపం వైపే చూస్తున్నాం. జ్వాల రెండుసార్లు పక్కకి ఒరిగింది. రెండుసార్లూ లేచింది.

వాళ్లు గోడ చేరాక ఓదెలు కారుని ముందుకి రానిచ్చి గన్ను తీశాడు. యజమాని వైపు తిరిగి, మీటరు చూపిస్తూ, రోజూ అందరికీ చెప్పినట్టే, "జీరో సూస్కో అన్న," అన్నాడు. మెడదాకా నింపకుండా ఆపాడు. మూత బిగించి, చుట్టూ తుడిచాడు.

ఆ తర్వాతి రోజు జరిగింది నేను చూడలేదు. పార్వతి చూసింది. ఆవిడ చెప్పిందే నేను చెప్పగలను, ఇప్పుడు మళ్లీ అడుగుదామంటే లేదు.

ఓదెలు పొద్దున్నే యూనిఫాం ఉతికి మడతపెట్టి, అప్పజెప్పడానికి బంకుకి వచ్చాడట. మధుసూదన్ లోపల గదిలో ఉన్నాడు. బయట బెంచీ మీద కూర్చోమన్నారు. గన్ను పట్టుకున్నది కొత్త మనిషి, వీరభద్రం. ఎవరినీ ఏమీ అడగొద్దని అతనికి ముందే చెప్పారు. మొదటి స్కూటరు వచ్చింది. స్కూటరాయన ఇంజను ఆపి, "అగ్గి లేదు," అన్నాడు. వీరభద్రం తెల్లబోయాడు. తర్వాత వచ్చిన జీపు డ్రైవరు బీడీ కింద పడేసి, కాలితో నలిపి, "లేదు భాయ్," అన్నాడు. ట్రాక్టరు మీదొచ్చిన ముసలాయన, "అగ్గి గిగ్గి లేదు, పొయ్యి," అన్నాడు. ఆ తర్వాత పార్వతి వంతు. ఆవిడా అలవాటు కొద్దీ చెప్పింది. పోయించుకున్నాక వెళ్లబుద్ధికాక, బండి గాలి కొట్టే షెడ్డు పక్కన ఆపి, బెంచీ వైపు చూసిందట. ఓదెలు తల వంచుకుని, ఒళ్లో ఉన్న మడత చొక్కా గుండీని వేలితో తిప్పుతున్నాడట.

గదిలోంచి మధుసూదన్ వింటూనే ఉన్నాడు. పది పన్నెండు బండ్లయ్యాక బయటికొచ్చాడు.

"ఏం జాదూ జేసినవ్‌రా వీళ్లకు?"

ఓదెలు లేచి నిలబడ్డాడు.

"అమ్మ రాత్రి అన్నం తినలే. దీపాన్ని కాపాడినోణ్ని ఎల్లగొడ్తవా అని ఒకటే గునుసుడు." కాసేపు రోడ్డు అవతలి బంకు వైపు చూశాడు. "పో. అంగి తొడుక్కొని గన్ను పట్టు. ఇంకోసారి నన్ను జీరో సూడుమనకు."

"సూడాలె అన్న," అన్నాడట ఓదెలు. "అందరు సూడాలె."

ఇది చెబుతూ పార్వతి వంటింట్లో గరిటె పట్టుకుని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆవిడ 2008లో పోయింది. ఇరవై రోజుల దాకా బండి తీయలేదు. టైర్లలో గాలి తగ్గింది. బ్యాటరీ పడుకుంది. పక్కింటివాళ్లు తోస్తే స్టార్టయింది. చుట్టూ ఒకసారి నడిచి, ఐదో టైరుతో సహా చూసుకుని, నెమ్మదిగా బంకుకి వెళ్లాను.

ఓదెలుకి విషయం తెలుసు. దినానికి వచ్చి, ఒక మూల నిలబడి వెళ్లాడు. ఈసారి అడగడేమోనని దారంతా భయపడ్డాను. జాలి పడి, మౌనంగా పోసి పంపేస్తాడేమోనని.

బండి ఆపాను. ఇంజను ఆపాను. ఆయన వచ్చి, ఒక చెయ్యి గన్ను మీద పెట్టి, కొంచెం వంగాడు. ముందు నన్ను చూశాడు, తర్వాత ఖాళీగా ఉన్న ఎడమ సీటు కూడా చూశాడు. లోపలున్న వాళ్లందరినీ చూడటం ఆయన పద్ధతి.

"అగ్గి ఉన్నదా సార్?"

ఎప్పటిలాగే, అదే గొంతుతో. నేను పక్క సీటు నుంచి జవాబు వస్తుందని ఒక్క క్షణం ఆగాను. ఆయనా ఆగాడు. తొందరపెట్టలేదు. వెనక ఎవరో హారన్ కొట్టినా తల తిప్పలేదు. దానికెంత సేపు కావాలో అంత సేపు.

"లేదు ఓదెలు గారూ," అన్నాను.

"జీరో సూస్కోండ్రి," అన్నాడు.