మేనత్త ఎడమచేతి చాకు

స్నానాల గదిలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు బత్తాయి తినాలనిపించింది. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో కోయబోతే కాయ బల్లంతా దొర్లింది గానీ నాకు లొంగలేదు. అప్పుడు గుర్తొచ్చింది మేనత్త చాకు. ఆమె పోయాక నా దగ్గరికొచ్చి, బీరువాలో గాజుల డబ్బా అడుగున పడి ఉంది.

మా మేనత్తకు మిర్యాలగూడ దగ్గర బత్తాయి తోట ఉండేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక ఇంట్లో అందరూ ఆమెను పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. తొనలు ఒలిచి, గింజలు కూడా తీసి పెట్టేవాళ్లు. ఆమెకు అదే పెద్ద బాధ. చెట్టు కిందే నిలబడి కాయ కోసుకు తిన్న మనిషి, ఇప్పుడు ఒక్క కాయకు ఎవరో ఒకరిని కేకేయాలి. కొన్నాళ్లకు బత్తాయి తినడమే మానేసింది. తీపి పడటం లేదని అబద్ధం చెప్పేది.

నేను ఊరుకుంటానా? సూర్యాపేటలో నాలుగు దుకాణాలు తిరిగి, ఒంటిచేత్తో తెరుచుకునే మడత చాకు కొన్నాను. బ్లేడు మీది చిన్న బొడిపెను బొటనవేలితో తోస్తే చాలు. నా తెలివికి నేనే మురిసిపోతూ తెరిచి చూపించాను. ఆమె ఎడమచేతిలో తిప్పితిప్పి చూసి మంచం మీద పెట్టింది.

“ఒక్క చేత్తోనే తెరుసుకుంటది బిడ్డా. గని గా చెయ్యి నా దగ్గర లేదు.”

బొడిపె కుడిచేతివాళ్లకు అందే వైపే ఉంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం నవ్వి, ఈసారి తననే తోలుకపొమ్మంది.

కోదాడ దుకాణంలో చూడాలి ఆమెను. దుకాణదారు చాకు అందించబోతే బల్ల మీద పెట్టమంది. కత్తి చేతికిస్తే పోట్లాట వస్తుందని మా ఇళ్లలో పట్టింపు. తర్వాత ఆయన్ని కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని తెరిచి చూపించమంది. ఆయన రెండు చాకులతో కుస్తీపట్టి, తనకే రావట్లేదని ఒప్పేసుకున్నాడు. మూడోదానికి బొడిపె లేదు. బ్లేడుకే బొటనవేలు ఆనేంత రంధ్రం ఉంది, ఏ చేతికైనా ఒకటే. మేనత్త దాన్ని టక్కున తెరిచింది.

“తెరుసుడు కాదు, మూసుడు సూడాలె” అని, పిడి వెనకున్న మీట నొక్కి, బ్లేడు మొద్దు అంచును తొడకు ఆనించి మెల్లగా మడిచింది. ఆ తర్వాత సంచిలోంచి తువ్వాలు, తోట కాయ తీసింది. తువ్వాలును ఒంటిచేత్తోనే బిందె కింది చుట్టకుదురులా చుట్టి, అందులో కాయను కూర్చోబెట్టి, రెండు ముక్కలు చేసింది. ఒకటి దుకాణదారు ముందుకు జరిపి, రెండోది తనే తింది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

“తీపి పడదంటివి గదత్తా” అన్నాను.

“నేనెప్పుడన్న?” అంది గింజలు ఊస్తూ.

నిన్న నేనూ తువ్వాలు చుట్టి కాయను కూర్చోబెట్టాను. చాకు తెరవడానికే చాలాసేపు పట్టింది. మూయడం ఇంకా చేతకాలేదు, అలాగే బల్ల మీద ఉంది. నా కట్టు ఆరు వారాల్లో విప్పుతారట. మేనత్త ఆ చాకును ఆరేళ్లు వాడింది. ఆరేళ్లంటే ఎంత కాలమో నాకు నిన్ననే తెలిసింది.