గుండయ్యకు తిరిగొచ్చిన మూడేళ్ళు

ఆఁ, ఎక్కడిదాకా వచ్చాం? గుండయ్య ఊపిరి దగ్గర ఆగాం కదూ! మధ్యలో కుక్కర్ కూత పెడితే లేచి వెళ్ళిపోయాను. మొన్న వినని వాళ్ళ కోసం మళ్ళీ మొదటినుంచి చెబుతాను. విన్నవాళ్ళు కాస్త ఓర్చుకోండి. ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పిన నోరు ఇది, ఒక్కసారి చెప్పి ఊరుకోమంటే ఊరుకోదు.

గుండయ్య ధూల్‌పేటలో వినాయకులకు కళ్ళు దిద్దుతాడు. అచ్చు పోసేవాళ్ళు వేరు, రంగు కొట్టేవాళ్ళు వేరు. అన్నీ అయ్యాక విగ్రహం చూపు లేకుండా నిలబడి ఉంటుంది చూడండి, అప్పుడు గుండయ్య నిచ్చెన ఎక్కుతాడు. చేతిలో సన్న కుంచె. గుండెల నిండా గాలి పీల్చి, బిగబట్టి, పై రెప్ప గీతను ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఊపిరిలో లాగుతాడు. మధ్యలో ఊపిరి వదిలాడా, చెయ్యి అదురుతుంది. దేవుడు నిద్రమొహంతో కనిపిస్తాడు.

అలాంటివాడికి ముప్పయ్యో ఏట టీబీ వచ్చింది. మందులతో తగ్గింది గానీ ఎడమ ఊపిరితిత్తి సగం పనికిరాకుండా పోయింది. ఛాతీకి ఇంకో జబ్బు రాకుండా చూసుకోమని డాక్టరు అప్పుడే గట్టిగా చెప్పాడు. ఇక కరోనా వచ్చాక గుండయ్య సంగతి అడగాలా? పోయిన ఏడాదంతా ఇంట్లోనే. పండుగా సరిగ్గా జరగలేదు, పనీ లేదు. ఈ ఏప్రిల్‌లో మాత్రం షెడ్డు యజమాని ప్రేమ్‌రాజ్ గుమ్మం బయట నిలబడి పిలిచాడట.

"గుండయ్య భాయ్, ఈసారి బయటూళ్ళ ఆర్డర్లు మస్తున్నయ్. ఎప్పుడొస్తవ్?"

"సూది పడంగనే వస్త సేఠ్. షెడ్డుల పదిహేను మంది ఉంటరు. నాకున్నది ఒకటిన్నర ఊపిరితిత్తి."

"సరే, నెలాఖరు దాకా చూస్త. గప్పటికి నువ్వు రాకుంటే నేను షోలాపూర్ నుంచి మనిషిని పిలిపిస్త. నారాజ్ కాకు."

టీకా పడకుండా షెడ్డుకు పోతే ప్రాణానికి భయం, పోకపోతే ఏడాది పని పోతుంది. నలభై అయిదు నిండిన వాళ్ళందరికీ టీకా ఇస్తున్నారని విని, గుండయ్య నాకు ఫోన్ చేశాడు. నాకే ఎందుకంటే, మార్చిలోనే నేను వేయించుకున్నాను. పైగా మా హుస్సేనీ ఆలంలో సగం మందికి ఫోన్‌లో అపాయింట్‌మెంట్లు చూసిపెట్టింది నేనే. పని లేని రిటైర్డ్ టీచర్‌ని, అందరికీ అందుబాటులో ఉంటాను మరి.

"ముందు ఒకసారి సెంటర్‌కే పోదాం పద గుండయ్యా, ఆధార్ తెచ్చుకో" అన్నాను.

ఆరోగ్య కేంద్రం ముందు షామియానా, దాని కింద గజానికొక కుర్చీ. తొమ్మిదింటికి వెళ్ళిన వాళ్ళం పదకొండు దాకా కుర్చీ మారుతూ ముందుకు జరిగాం. గుండయ్య రెండు మాస్కులు కట్టుకున్నాడు. ఎవరైనా దగ్గితే చాలు, ఊపిరి బిగబట్టేవాడు. ఆ పని అతనికి బాగా అలవాటు కదా, ముప్పై అంకెలు లెక్కపెట్టినా వదలడు. నాకే ఆయాసం వచ్చింది చూడలేక!

మా వంతు రాగానే, రచన అనే నర్సమ్మ ఆధార్ చూసి తల అడ్డంగా ఊపింది.

"అన్నా, నీకు నలభై మూడే ఉన్నయ్. నలభై అయిదు నిండాలె."

"నాకు నలభై ఆరు మేడమ్! ఆషాఢం వస్తే నలభై ఏడు!"

"కార్డుల జూన్ ఒకటి, డెబ్బై ఏడు అని ఉంది. నేనేం చేయాలె?"

జూన్ ఒకటి అన్న మాట వినగానే గుండయ్య మొహం చూడలేక తల దించుకున్నాను. ఎందుకో చెబుతాను, నన్ను తిట్టుకోకండి.

ఎనభై రెండు జూలైలో గుండయ్య తల్లి పుష్పమ్మ కొడుకును చెయ్యి పట్టి మా బడికి తెచ్చింది. నాకు ఉద్యోగం కొత్త. ఆ రోజుల్లో ఎవరి దగ్గరా పుట్టినతేదీ కాగితం ఉండేది కాదు. మేమే ఓ తేదీ వేసేవాళ్ళం. బడి తెరిచేది జూన్‌లో, కాబట్టి అందరూ జూన్ ఒకటిన పుట్టినట్టే! నా మొదటి తరగతిలో ముప్పై మంది ఉంటే ముప్పై మందీ ఒక్కనాడే పుట్టారు. సంవత్సరం కూడా రెండో మూడో తగ్గించేవాళ్ళం. రేపు సర్కారు నౌకరీ వస్తే అన్నేళ్ళు ఎక్కువ చేస్తాడని. మంచి చేస్తున్నామనే అనుకునేవాళ్ళం, ఒట్టు! గుండయ్యకు అప్పటికి ఎనిమిదేళ్ళు. పాలపళ్ళు ఊడి, ముందు పళ్ళు పారల్లా మొలిచి ఉన్నాయి. నేను నవ్వుకుంటూనే రిజిస్టర్‌లో అయిదేళ్ళ వాడిగా రాశాను. ఆ తేదీయే బడి కాగితాల్లోంచి ఆధార్‌లోకి ఎక్కింది.

సర్కారు నౌకరీ గుండయ్యకు రానూ లేదు, అతను అడగనూ లేదు. నేను దాచిపెట్టిన ఆ మూడేళ్ళే ఇప్పుడు టీకాకు అడ్డం పడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒప్పేసుకున్నాను. "గుండయ్యా, ఆ తేదీ రాసింది నేనే."

"తెలుసు టీచరమ్మా. అమ్మ ఎప్పుడో చెప్పింది. మీరు మంచికే రాసిండ్రు గదా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆధార్ మార్పించాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాలి. అదే ఉంటే ఈ గొడవెందుకు? నలభై అయిదు లోపు వాళ్ళకు ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పడం లేదు. ఊళ్ళో కేసులు రోజురోజుకూ పెరుగుతున్నాయి. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. పుష్పమ్మకు డెబ్బై దాటాయి, ఒక సూది అప్పటికే పడింది. గడపలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"రా టీచరమ్మా. నా కొడుకు ఇంక చిన్నపోరడేనంట గదా! పెండ్లి చేయాల్నా మళ్ళ?"

లోపల్నుంచి గుండయ్య, "అమ్మా, నువ్వు ఊకో" అన్నాడు.

"ఏంది ఊకునేది? అద్దాలు లేంది అన్నంల రాయి కనబడదు నీకు. గా నర్సమ్మ నీ నెత్తి చూడలేదా, సగం తెల్లగైంది?"

"కార్డు చూస్తరే గానీ నెత్తి చూస్తరా?"

"మరి కార్డు చూపియ్యరాదు! నాడు టీచరమ్మ ఓటు రాయనీకి వచ్చినప్పుడు ఎంత లొల్లి పెట్టిన నేను? యాది లేదా టీచరమ్మా?"

నేను గడపలోనే చతికిలబడ్డాను.

టీచర్లకు ఎలక్షన్ డ్యూటీ ఉంటుంది కదా. తొంభై అయిదులో ఓటర్ల జాబితా రాయడానికి ఆ గల్లీకి నన్నే వేశారు. నేను బడి లెక్క ప్రకారం గుండయ్యకు పదిహేడని, ఓటు రాదని అన్నాను. పుష్పమ్మ చీపురు పక్కన పడేసి నా మీదికి వచ్చింది. "గది బడి లెక్క, గిది మనిషి లెక్క. నా కొడుక్కి ఇరవై నిండినయ్, కన్నది నేనా నువ్వా? రాయి!" అంది. గల్లీ అంతా గుమిగూడింది. భయపడి రాసేశాను. ఇరవై!

"గుండయ్యా! ఓటు కార్డు ఏది? అది కూడా తీసుకుంటరు వాళ్ళు!" అని అరిచాను.

"ఓటుకు ఆధారే పట్కపోతున్న టీచరమ్మా, ఆ కార్డు చూసి ఏండ్లయింది" అన్నాడు. వెతికాం. ఇనప్పెట్టె తీశాం, పరుపు కింద చూశాం, దేవుడి పటాల వెనక చెయ్యి పెట్టాం. కరెంటు బిల్లులు దొరికాయి, ఎవరిదో పెళ్ళి కార్డు దొరికింది, పుష్పమ్మ ఎప్పుడో పోగొట్టుకున్న ముక్కుపుడక కూడా దొరికింది. ఓటు కార్డు మాత్రం లేదు. గుండయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతులు ఊరికే ఉండలేవన్నట్టు తన రంగుల డబ్బా ముందుకు లాక్కున్నాడు. కుంచెలు సర్దాడు. తెల్లరంగు కలిపే ప్లాస్టిక్ చెక్క తీసి దాని అంచు గోటితో గీకుతున్నాడు.

అలా గీకుతూ ఆగిపోయాడు.

"టీచరమ్మా... దీంట్ల ఎవరిదో చెవు కనబడుతున్నది."

చెవే! ఎన్నో ఏళ్ళుగా గట్టిగా, చేతికి ఇమిడేలా ఉందని ఆ కార్డుతోనే రంగు కలుపుతున్నాడు మహానుభావుడు! రెండు వైపులా రంగు పేరుకుని, అది కార్డని కూడా మరిచిపోయాడు. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవడం మొదలుపెట్టాం. మొదట చెవి, తర్వాత నూనూగు మీసాల మొహం, పేరు, తండ్రి పేరు. నంబరులో చివరి రెండు అంకెల మీద రంగు రాయిలా బిగుసుకుపోయింది. గుండయ్య ఊపిరి బిగబట్టి బ్లేడు అంచుతో పొర మీద పొర లేపాడు. కంటిరెప్ప గీసినంత జాగ్రత్తగా. వెనక్కి తిప్పి తుడిస్తే వయసు కనిపించింది. తొంభై అయిదు జనవరి ఒకటి నాటికి, ఇరవై.

పుష్పమ్మ వెల్లుల్లి చేతులతోనే నా బుగ్గలు పట్టుకుంది. "చూసినవా, మనిషి లెక్కే గెలిచింది!"

ఇక అపాయింట్‌మెంట్ కోసం కూర్చున్నాం. ఓటీపీ గుండయ్య ఫోన్‌కు వస్తుంది, నింపేది నా ఫోన్‌లో.

"నాలుగు... ఏడు... ఆగుండ్రి టీచరమ్మా, అద్దాలు పెట్టుకోవాలె."

"టైం అయిపోతది, చదువు!"

అయిపోయింది. మళ్ళీ పంపాం. మూడోసారికి పుష్పమ్మ కొడుకు ముక్కు మీద అద్దాలు తనే పెట్టి, తల కదలకుండా పట్టుకుంది. అప్పుడు కుదిరింది. రోజుకు పదిసార్లు చూడగా చూడగా, నాలుగో రోజు పొద్దున ఒక్క ఖాళీ కనిపించింది. శుక్రవారం, పదకొండు గంటలు.

నిన్నే ఆ శుక్రవారం. మళ్ళీ అదే షామియానా, అవే కుర్చీలు. రచన కార్డు అందుకుని వాసన చూసింది.

"ఇదేంది అన్నా, కిరసనాయిలు కొడుతున్నది?"

"స్నానం చేయించినం మేడమ్."

ఆమె నవ్వాపుకుంటూ కార్డు తిప్పింది, వెలుతురుకు పట్టింది, అంకెలు లెక్కేసింది. "మొన్న కార్డుల నలభై మూడే ఉండె గదా?"

నేను లేచి నిలబడ్డాను. "అమ్మా, ఆ నలభై మూడు రాసింది నేనే, ఈ ఇరవై రాసిందీ నేనే. ఇదే నిజం. వాళ్ళమ్మ సాక్షి" అన్నాను. జరిగింది దాచకుండా చెప్పాను. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అయిదు నిమిషాలు. గుండయ్య ఎవరూ దగ్గకపోయినా ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

తిరిగొచ్చి, "చొక్కా చెయ్యి పైకి లేపు అన్నా. ఎడమది" అంది.

గుండయ్య వదిలిన ఊపిరికి రెండు మాస్కులూ ఉబ్బాయి!

సూది పడ్డాక అరగంట కూర్చోమన్నారు. నా పర్సులోంచి పెన్ను అడిగి తీసుకున్నాడు. అపాయింట్‌మెంట్ చీటీ వెనక, గాలి పీల్చి, ఒక రెప్ప గీశాడు. ఈ కొస నుంచి ఆ కొసకు, ఎక్కడా అదరకుండా. తర్వాత అక్కడే ప్రేమ్‌రాజ్‌కు ఫోన్ చేసి చెప్పాడు, "సేఠ్, షోలాపూర్ మనిషి వద్దు. సూది పడ్డది. పదిహేను రోజులాగి వస్త." అవతల ప్రేమ్‌రాజ్ అప్పటిదాకా ఆగుతానన్నాడట, గుండయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చీటీ ఇప్పుడు నా దగ్గరే ఉంది.

రాత్రి హాయిగా పడుకున్నాను. పొద్దున కాఫీ తాగుతుంటే గుర్తొచ్చింది, నా తరగతిలో జూన్ ఒకటిన పుట్టించింది ఒక్క గుండయ్యనే కాదు కదా! అతని పక్క బల్లలో కూర్చున్న పెంటయ్య ఇప్పుడు మా వీధిలోనే ఆటో నడుపుతాడు. రోజంతా వచ్చేపోయే జనం మధ్యనే. టీకాకు పోతే వయసు చాలదని తిప్పి పంపారని పోయిన వారమే వాపోయాడు. అప్పుడు నాకు తట్టలేదు. అప్పట్లో వాళ్ళున్న వీధికీ ఓటర్ల జాబితా రాసింది నేనే!

సరే, మిగతా కబుర్లు తర్వాత. ముందు వాడికి ఫోన్ చేయాలి. ఎత్తగానే అడగాల్సింది ఒక్కటే: "ఒరే పెంటయ్యా, నీ ఓటు కార్డు ఏడ పెట్టినవ్?"