మనవాళ్లు అనకూడని ఉద్యోగం

పెద్ద పెద్ద కంపెనీల లెక్కలు తనిఖీ చేసే సంస్థ మాది. ఆకాశాన్నంటే అద్దాల భవనం, అందులో ఎవరికీ సొంత కుర్చీ మాత్రం లేదు. పొద్దున్నే ఫోనులో బల్ల బుక్ చేసుకోవాలి, సాయంత్రం తుడిచినట్టు ఖాళీ చేసి పోవాలి. నేను అక్కా అని పిలిచే మా సీనియర్‌కి ఈ పద్ధతంటే ఒళ్లుమంట.

"బస్సు సీటు మీద రుమాలు వేసుకున్నట్టుందే మన బతుకు" అనేది.

అందుకే కాబోలు, తాళాల ఫ్యాక్టరీకి వెళ్లాలంటే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. ఏటా అక్కడి లెక్కలు చూసేది ఆమే. గ్రీజు వాసన కొట్టే షెడ్డులో, స్టోర్సు గది పక్కన ఆమెకో బల్ల వేసిచ్చారు. స్టోర్‌కీపర్‌ని బాబాయ్ అనేది. ఆయన "ఆడిటరమ్మా, ముందు తిను, తప్పులు తర్వాత పట్టుకుందువుగాని" అనేవాడట. తిన్నాక నిజంగానే పట్టుకునేది. ఆ విషయంలో బాబాయికీ మినహాయింపు లేదు.

ఒకసారి మా సంస్థ పెద్దసారు మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "మన దగ్గర పని చేయడం ఎలా ఉంది? మనసు విప్పి చెప్పండి" అన్నారు. ఆయన ఎదురుగా ఎవరు విప్పుతారు? ఎదుగుదల బాగుందని, అవకాశాలు బాగున్నాయని తలా ఒక చిలకపలుకు పలికాం. మీటింగుల్లో పెదవి విప్పని అక్క ఆ రోజు అందుకుంది.

"ఒక్కరోజు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు సార్. తలనొప్పంటే లైటు ఆర్పేస్తారు. మనవాళ్ల మధ్య ఉన్నట్టే ఉంటుంది."

పెద్దసారు ముఖం చాటంతయింది. "ఏ అంతస్తులో కూర్చుంటావమ్మా?"

"అంతస్తెక్కడిది సార్, షెడ్డే కదా మనది! స్టోర్సు పక్కన."

గదంతా గొల్లున నవ్వింది. అక్క నాలుక కరుచుకుంది. పెద్దసారు మాత్రం నవ్వలేదు.

"లెక్కలు చూసేవాళ్లకు అక్కడ మనవాళ్లు ఉండకూడదమ్మా" అన్నారు మెత్తగా.

ఆ నియమం మాకు నేర్పిందే అక్క. ఆ వారమే ఆమెను తప్పించి, ఆ ఫ్యాక్టరీకి నన్ను వేశారు. కొన్నేళ్ల గడువు తీరేదాకా ఆమె ఆ గడప తొక్కకూడదు, వాళ్లకు ఫోను కూడా చేయకూడదు. నాకు కోపం వచ్చింది. కానీ ఆయన మాటలో తప్పెక్కడుందో చూపించమంటే నావల్ల కాదు.

అక్కడి పని ముగించుకుని నేను తిరిగొచ్చేసరికి అక్క లిఫ్టు దగ్గర నిలబడి ఉంది. నాకోసమేనని చూడగానే తెలిసింది. అక్కడ చూసినవీ విన్నవీ మా జట్టు దాటి బయటికి చెప్పకూడదు. ఇప్పుడు అక్క కూడా బయటి మనిషే.

"బాబాయి ఎలా ఉన్నాడే? అదొక్కటీ చెప్పు చాలు."

"బాగున్నాడక్కా. నిన్ను అడిగాడు."

ఆమె కళ్లు తడయ్యాయి. "నేనూ రోజూ తలుచుకుంటున్నాను. గడువు తీరాక మళ్లీ నన్నే వేయమని పెద్దసారు కాళ్లావేళ్లా పడతాను. అప్పటిదాకా బాబాయి ఉంటాడుగా? షెడ్డు ఉంటుందిగా?"

ఆ ఫ్యాక్టరీని మూసేయాలని యజమానులు తీర్మానించుకున్నారు. ఆ సంగతి అక్కడి పనివాళ్లకే ఇంకా తెలియదు, బాబాయికీ తెలియదు. నేను సంచీ జిప్పు సర్దుకుంటూ నిలబడ్డాను. అక్క నా ముఖంలోకి చూసింది.

"మూసేస్తున్నారా?"

"నన్ను అడక్కక్కా."

"సరే, అడగనులే" అంటూ నా చెయ్యి పట్టుకుంది. లిఫ్టు వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. అక్క నా చెయ్యి వదల్లేదు.